వానొస్తే వెలిగే దీపాలు

మా బండి ఢిల్లీ నుంచి వచ్చింది. 2013 మోడల్ డీజిల్. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ చెప్పి, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అన్నాక, అలాంటి బండ్లు ఎన్‌ఓసీ తగిలించుకుని చవగ్గా మన వైపు రావడం మొదలైంది. లక్షా నలభై వేలకు ఏసీ పనిచేసే కారు కొట్టేశానని నేను కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. అప్పుడు ఎండాకాలం.

జూన్‌లో మొదటి వాన. మెహదీపట్నం దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఏబీఎస్, స్టీరింగ్, ఇంజిన్ లైట్లు మూడూ ఒక్కసారే వెలిగాయి. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వాన వెలిసి, బండి ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు అన్నీ మామూలే. తర్వాతి వానకు మళ్ళీ అదే కథ.

ఒక వర్క్‌షాప్‌లో స్కానర్ పెట్టారు. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌లో దాన్ని గుచ్చితే ఏడు కోడ్‌లు వచ్చాయి. "నీళ్ళు పోయి ఈసీఎం, అంటే ఇంజిన్ కంప్యూటర్, కొట్టేసింది సార్, ముప్పై అయిదు వేలవుతుంది" అన్నాడు కుర్రాడు, స్క్రీన్ నా వైపు తిప్పి. స్క్రీన్ మీద ఆ మాట లేదు. కోడ్ చెప్పేది ఫలానా లైనులో రావాల్సిన ఓల్టేజి రాలేదని మాత్రమే. అది ఫిర్యాదు, తీర్పు కాదు. ఫిర్యాదు చేసినవాణ్ణే లోపలేస్తే పోలీసుల పని ఎంత సులువైపోను! సెన్సర్లు మార్చి మార్చి చూడటాన్ని మన దగ్గర రిపేరు అంటున్నారు. పాత సామాను దిగుతుంది, కొత్త బిల్లు ఎక్కుతుంది, రోగం ఉన్నచోటే ఉంటుంది.

మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నాడు, అందరూ చాచా అంటారు. కోడ్‌ల కాగితం ఇస్తే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏడు రోగాలు ఒక్కపారి రావు సార్. ఒక్కటే ఉంటది. ముందుగాల ఎర్త్ చూద్దాం."

ఇంజిన్ ఆన్ చేయించి బ్యాటరీ దగ్గర చూశాడు: 14.1 ఓల్టులు. డైనమో బాగానే ఉంది. హెడ్‌లైట్లు, వైపర్, బ్లోయర్ అన్నీ వేయమన్నాడు. మల్టీమీటర్ ఒక కొసను గేర్‌బాక్స్ బోల్టుకు, రెండోది బాడీ ఇనుముకు ఆనించాడు. 1.3 ఓల్టులు. రెండూ మైనసే కదా, మధ్యలో ఓల్టేజి ఎక్కడిదని అడిగాను. "అదే కదా దొంగ" అన్నాడు.

బాడీకి ఎర్త్ అయిన ప్రతి లైటూ, మోటారూ వాడుకున్న కరెంటు ఇనుము గుండానే తిరిగి డైనమోకు చేరాలి. బాడీకీ ఇంజిన్‌కీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది, దారి అదే. అది బాగుంటే ఎంత లోడు పెట్టినా అక్కడ 0.2 దాటకూడదు. దాటితే కంప్యూటర్‌కు మైనస్ ఎక్కడుందో తెలియక ప్రతి సెన్సరూ అబద్ధం చెబుతున్నట్టే కనిపిస్తుంది. అంటే మా బండిని పట్టుకున్నది వాన నీళ్ళు కాదు. వానలో మనం ఒకేసారి వేసే లైట్లు, వైపర్లు, అద్దానికి ఆవిరి పట్టకుండా పెట్టే బ్లోయర్. నీళ్ళు ఎక్కడ దూరాయా అని వెతికి ఉంటే ఈ జన్మకు దొరికేది కాదు.

చాచా జంపర్ కేబుల్‌తో ఆ రెండు చోట్లనూ కలిపాడు. మీటర్ 0.05కు పడిపోయింది. బ్యాటరీ ట్రే విప్పితే కింద పట్టీ కనిపించింది. పైనుంచి కారిన యాసిడ్‌కు సగం పోగులు తెగి, మిగతావి పచ్చగా చిలుముపట్టి ఉన్నాయి. దాన్ని విప్పి, మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూపించాడు: దాదాపు సున్నా. నాలుగు పోగులు మిగిలినా మీటర్‌కు అది మంచి తీగే. బరువు ఎత్తమన్నప్పుడే దాని సంగతి తేలుతుంది. కొత్త పట్టీ, కూలీ కలిపి నాలుగు వందల యాభై. పెయింటు గీకి, బోల్టు బిగించి, పైన వాజిలిన్ పూశాడు.

ఆ ఉత్సాహంలో నేనూ ఒక మీటర్ కొన్నాను. బండిని నాలుగు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోయేది, దాని మీద పడ్డాను. తాళం వేసి అరగంట ఆగాలి, లోపలి కంప్యూటర్లు నిద్రపోయేదాకా. ఆ తర్వాత 50 మిల్లీయాంప్‌ల లోపు ఉండాల్సిన కరెంటు 400 చూపించింది. పాత ఓనర్ పెట్టించుకున్న ఆంప్లిఫయర్ తాళంతో పనిలేకుండా నేరుగా బ్యాటరీకి కలిపి ఉంది. పీకేశాను. మా ఆవిడకు పాటలు పోయాయి, నాకు నిష్ఠూరాలు మిగిలాయి.

మొన్నటి వానకు కొత్తగా ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. సీటు కింద పసుపురంగు కనెక్టర్ కనిపించింది. మీటర్ చేతిలోనే ఉంది. ఓమ్స్‌లో మీటర్ పంపే కాస్త కరెంటు కూడా ఆ తీగలో వెళ్ళకూడదట, బ్యాగ్ పేలవచ్చు. మీటర్ సంచిలో పెట్టేసి చాచాకు ఫోన్ చేశాను. ముట్టకండి సార్, బ్యాటరీ వైరు తీసి కూర్చోండి, వస్తున్నా అన్నాడు.