వాగ్గేయకారిణికి కచేరీలో చోటెక్కడ?

లేపాక్షి వీరభద్రాలయం నాట్యమండపంలో నిలబడి చుట్టూ వున్న స్తంభాలను ఒకసారి చూడండి. రంభ ఆడుతూ వుంటుంది. బ్రహ్మ మద్దెల వాయిస్తుంటాడు. తుంబురుడి చేతిలో వీణ వుంది. నంది కూడా వాద్యం పట్టుకున్నాడు. మూడు కాళ్ళ భృంగి అడుగులు నేర్పుతున్నాడు. విజయనగరపు రోజుల్లో పెనుకొండ నుంచి అధికారం చేసిన విరూపణ్ణ పేరుతో ముడిపడిన గుడి ఇది. హిందూపురం పక్కనే, పదహారో శతాబ్దపు శిల్పులు రాతిలో పెట్టిన చిన్న కచేరీ అనుకోవచ్చు. ఈ కచేరీలో ఆడది ఆడుతుంది. మద్దెల, వీణ, శిక్షణ మగవాళ్ళవి. ఆమె ఆడుతున్న పాట ఎవరు కట్టారన్న ప్రశ్నకు రాయి జవాబు చెప్పదు. మన సంగీత చరిత్రకారులు మాత్రం ఆ ప్రశ్న వేసుకోకుండానే జవాబు రాసేసుకున్నారు.

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్ళీ వచ్చింది. యూరపులో, అమెరికాలో నలుగురైదుగురు వాద్యకారులు గదిలో కూర్చుని వాయించే ఛాంబర్ సంగీతంలో బీథోవెన్, బ్రామ్స్ రచనల పక్కన స్త్రీల రచనలు పెడుతున్నారు. మన దగ్గర కూడా త్యాగరాజ, దీక్షితుల కృతులతోపాటు స్త్రీల కృతులు పాడాలనే ఆలోచన అక్కడక్కడా వినబడుతోంది. మంచిదే. అయితే అలాంటి కచేరీ మన హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో పెడితే ఆ పాటలను ఎక్కడ పెడతారు? పాడతారా లేదా అన్నదాని కంటే నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది.

అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890-1967) స్థిరపరచిన కచేరీ పద్ధతి మనకు తెలిసిందే. ముందు వర్ణం, తరవాత కృతులు, మధ్యలో విస్తారమైన ప్రధానాంశం, తని ఆవర్తనం, ఆ తరవాత తుక్కడాలు, చివర మంగళం. ఇది వట్టి వరస మాత్రమే కాదు, ఒక అంతస్తుల మేడ. విద్వాంసుడి మనోధర్మమంతా ఖర్చయ్యేది ప్రధానాంశం మీద. శ్రోతలు చెప్పులు వెతుక్కునేది తుక్కడాల వేళ. స్త్రీల పాటకు కచేరీలో చోటిచ్చామనే నిర్వాహకులు సాధారణంగా ఆ వేళనే ఇస్తారు.

తరిగొండ వెంగమాంబ (1730-1817) సంగతి చూడండి. బాల్యంలోనే వితంతువై, తల గొరిగించుకోవడానికి ఒప్పుకోక, ఊరితో పోరాడి తిరుమల చేరిన మనిషని చెబుతారు. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు రాసింది. ఆమె చనిపోయేనాటికి త్యాగరాజు యాభై ఏళ్ళవాడు. తిరుమలలో ఏకాంతసేవకు తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి అన్నది ఇప్పటికీ నడుస్తున్న ఆచారం. అంటే స్త్రీ రచనను మహావాగ్గేయకారుడి రచన పక్కన నిలబెట్టే కార్యక్రమం ప్రతి రాత్రీ జరుగుతోందన్న మాట! కాని అది దేవుడు నిద్రపోయే వేళ. కచేరీలో ఆమెకు ఆ చివరి చోటు కూడా లేదు. అక్కడ మంగళం సాధారణంగా త్యాగరాజుదే.

దీనికి పండితులు చెప్పే సమాధానం ఒకటుంది. వాగ్గేయకారుడంటే మాతువు, ధాతువు రెండూ, అంటే మాటా స్వరమూ రెండూ తానే కట్టినవాడు. వెంగమాంబ పాటలకు ఆమె కట్టిన మట్టు ఇదీ అని చూపించే స్వరలిపి లేదు కదా! అంబుజం కృష్ణ (1917-1989) పాటలకు పేరుమోసిన విద్వాంసులు వరసలు కట్టారు కదా! కాబట్టి వీరు రచయిత్రులే గాని వాగ్గేయకారులు కారు. చూడడానికి సక్రమంగానే వున్న వాదన. అయితే మన జిల్లా మనిషే దీన్ని ఎప్పుడో పూర్వపక్షం చేసి వెళ్ళాడు.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) అనంతపురం జిల్లాలోని రాళ్ళపల్లిలో పుట్టారు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. ఐదు వందల ఏళ్ళ కిందటి మట్టు ఏమిటో తెలిసే మార్గం లేదు. రాళ్ళపల్లి కూర్చుని వంద పైచిలుకు సంకీర్తనలకు స్వరాలు కట్టారు. ఆయన తరవాత ఇంకెందరో కట్టారు. ఈనాడు మనం తన్మయులమై వినే అన్నమయ్య ధాతువు చాలావరకు ఇరవయ్యో శతాబ్దం విద్వాంసులది. అందువల్ల అన్నమయ్య వాగ్గేయకారుడు కాకుండా పోయాడా? పోలేదు, పోకూడదు కూడా. రాళ్ళపల్లి చేసిన పని గొప్పది. మరి అదే పని ఆడమనిషి పాటకు జరిగితే అది ఆమె లోపమెట్లా అవుతుంది? పోనీ, మాటా స్వరమూ రెండూ తానే కట్టి, తెలుగులో కూడా కృతులు రాసిన కల్యాణీ వరదరాజన్‌ను ప్రధానాంశంగా ఎన్ని కచేరీల్లో విన్నాం? కనుక అడ్డం వచ్చింది లక్షణం కాదు. తాళ్ళపాక ఇంటిలోనే తిమ్మక్క వుంది. సుభద్రా కల్యాణం రాసింది. తొలి తెలుగు కవయిత్రి అని పరీక్షల్లో రాయిస్తాం, ఆమె ద్విపదను వేదిక ఎక్కించం.

స్త్రీలు రాసినవన్నీ గొప్ప కృతులని నేను అనడం లేదు. అంబుజం కృష్ణ పాటల్లో కొన్ని నామసంబోధనల మాలికలుగానే మిగిలిపోయాయి. అటువంటివి పురుష వాగ్గేయకారుల్లో లేవా? వారి బలహీనమైన కృతి కూడా పెద్ద కృతుల నీడలో బతికిపోతుంది. ఈమె బలహీనమైన పాట మాత్రం స్త్రీజాతి మొత్తానికి సాక్ష్యమవుతుంది.

గది సంగీతం పుట్టినచోట కూడా కథ వేరుగా లేదు. ఫ్యానీ మెండెల్సన్ (1805-1847) తమ్ముడు ఫెలిక్స్‌తో సమానంగా సంగీతం నేర్చింది. ఫెలిక్స్‌కు సంగీతం వృత్తి కావచ్చు, నీకు అది అలంకారమేనని తండ్రి ఆమెకు ఉత్తరం రాశాడు. ఆమె పాటలు ఆరు, తమ్ముడి సంపుటాల్లో తమ్ముడి పేరుతోనే అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి ఫెలిక్స్ ఎదుట ఏరికోరి ఒక పాట పాడితే, అది అక్క కట్టిందని ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. బెర్లిన్‌లో తన ఇంట్లో ఆదివారాలు కచేరీలు పెట్టేది ఆమె. మద్రాసులో వీణ ధనమ్మాళ్ (1867-1938) తన ఇంట్లో శుక్రవారం సాయంత్రాలు వీణ వాయించేది. మైకు లేదు, గుంపు లేదు. మహావిద్వాంసులు వచ్చి కదలకుండా కూర్చునేవారు. బెర్లిన్ ఇల్లాలికి గది హద్దు అయింది, దేవదాసీ కుటుంబంలో పుట్టిన ధనమ్మాళ్‌కు అదే రాజ్యమయింది. క్షేత్రయ్య పదాలు మనకు దక్కింది ఆ ఇంటివంటి ఇళ్ళ గొంతుల గుండానే. ఆమె మనుమరాళ్ళు బృంద, ముక్త పాడిన పదంలో ఆ విలంబం, ఆ జారు, ఒక మాట మీద అట్లా నిలవడం ఎవరు కట్టారు? పుస్తకం మీద మువ్వగోపాల ముద్ర ఒక్కటే వుంది.

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని పూర్తిపాఠంతో అచ్చు వేయించింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. దానికి ముందే ముద్దుపళనిని ఈసడించినవాడు మనం నెత్తిన పెట్టుకునే వీరేశలింగం. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించిందీ ఈ నాగరత్నమ్మే. ఆ సన్నిధిలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. కొన్నేళ్ళు స్త్రీలతో వేరే ఆరాధన నడిపి పట్టు నిలుపుకుంది. 1940లలో మోటూరి ఉదయం వంటివారు బుర్రకథ దళాలు కట్టి వేదికలెక్కారు. అది చిన్న సాహసం కాదు. కాని ఆ కథలు, ఆ పాటలు చాలావరకు రాసింది మగవారే. గొంతు ఆమెకిచ్చి కలం మన దగ్గరే వుంచుకున్నామనే ఆరోపణకు అభ్యుదయ ఉద్యమం కూడా జవాబు చెప్పాలి.

ధర్మవరం వెళ్ళండి. మగ్గం గుంతలో మగవాడు కూర్చుంటాడు. పక్కన రాట్నం ముందు ఇల్లాలు కండెలు చుడుతుంది. కూలి లెక్క చీరకు కడతారు, కండెలు చుట్టిన చేతులు అందులో కలిసిపోతాయి. పాట లెక్క కూడా ఇంతే. తిరగలి పాటలు, సువ్వి పాటలు, లాలి పాటలు, అప్పగింత పాటలు ఆడవాళ్ళు కట్టుకున్నారు. వాటికి ముద్ర లేదు. త్యాగరాజు ఉత్సవసంప్రదాయ కీర్తనల్లోకి ఇంటి లాలి, ఇంటి మంగళం వచ్చాయి. అక్కడ వాటికి త్యాగరాజ ముద్ర పడింది. త్యాగయ్య దొంగిలించాడని కాదు. ఆయన ఎక్కడ నేర్చాడో చెప్పుకునే అలవాటు మనకు లేదంటున్నాను. ధర్మవరంలో పుట్టిన రామకృష్ణమాచార్యులను (1853-1912) ఆంధ్ర నాటక పితామహుడన్నాం, నాటకంలో పాటలు పెట్టినందుకు పొగిడాం. ఆ నాయికల పాటలు మగవారి గొంతుల్లోనే వినిపించాయి.

కాబట్టి ఈ మూడు ఊళ్ళ మిత్రులకు నా సలహా ఇది. మహిళా వాగ్గేయకారుల ప్రత్యేక సాయంత్రమని ఏడాదికొక రోజు పెట్టి చేతులు దులుపుకోవద్దు. మామూలు కచేరీయే పెట్టండి, పెద్ద పందిట్లో కాదు, ఏదైనా ఇంటి వసారాలో, మైకు లేకుండా. మగ్గం ఆగే వేళకు మొదలుపెట్టండి. త్యాగరాజ కృతి, శ్యామశాస్త్రి కృతి ముందు పాడించండి. ప్రధానాంశంగా వెంగమాంబ పాటను తీసుకుని రాగం, నెరవు, స్వరకల్పన, తని ఆవర్తనం దానికే ఇవ్వమనండి. గాయకురాలు పాఠం లేదంటే, రాళ్ళపల్లి చేసినట్టు కూర్చుని కట్టమనండి. మంగళం ఎలాగూ త్యాగయ్యదే వుంటుంది. మధ్యలో ఒక సువ్వి పాట వినిపిస్తే, కార్యక్రమ పత్రంలో దాని ఎదుట ‘జానపదం’ అని రాసి వదిలేయకండి. అది నేర్పిన అవ్వ పేరు అడిగి, ఆమె ఊరి పేరు కూడా వేయండి.