దళాల చరిత్ర: రెండు పుస్తకాలు

మా పిఠాపురం పక్కనున్న చందుర్తి దగ్గర 1758 డిసెంబరులో ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ తలపడ్డారు. కర్నల్ ఫోర్డు గెలిచాడు, కాన్‌ఫ్లాన్ ఓడాడు. ఆ రెండు పేర్లూ చరిత్రకెక్కాయి. ఇరువైపులా చచ్చిన సిపాయిల్లో ఒక్కడి పేరూ మా ఊళ్ళో ఎవరూ చెప్పలేరు. వాళ్ళు జీతానికి పోరాడారు, పోనివ్వండి. జీతం లేకుండా, తమంత తామే తుపాకి పట్టినవాళ్ళ చరిత్రనైనా సరిగా రాసుకున్నామా? పుచ్చలపల్లి సుందరయ్యగారి తెలంగాణ పోరాట చరిత్ర మళ్ళీ చదివాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇంగ్లీషులో 1972లో వెలువడి, ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం’గా తెలుగులోకి వచ్చిన ఆ గ్రంథం విలువ చిన్నది కాదు. 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, 2 వేల మంది గెరిల్లాలు, 10 వేల మంది గ్రామ దళ సభ్యులు, 4 వేల మంది అమరులు: ఈ లెక్కలు మనకు కంఠస్థమయింది దానివల్లే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక పోరాటం సాగించాలా, ఆపాలా అన్న విభేదాన్నీ ఆయన దాచలేదు. కాని అది నాయకుడి నివేదిక. దాడి ఎక్కడ జరిగింది, ఎవరు ఒరిగారు అన్నది చెబుతుంది. దళంలో జ్వరమొస్తే ఎవరు చూశారు, అడవిలో బిడ్డ పుడితే ఏం చేశారు అన్నవి దాని చూపుకు ఆనవు.

ఆ మాటలకోసం 1986లో స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెరవాలి. దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం, వైద్యం నేర్చి దళాలకు సేవ చేసిన రేగళ్ళ అచ్చమాంబ అందులో తమ నోటితో తాము మాట్లాడతారు. పోరాటంలోకి రమ్మన్న పార్టీయే 1951లో విరమణ తరువాత ఇళ్ళకు వెళ్ళమన్నదని నిష్ఠూరమాడతారు. తేదీలు తడబడవచ్చు గాక, దళం బతికిన తీరు నాకు తెలిసింది ఇక్కడే. దీన్ని ‘స్త్రీల పుస్తకం’ అని పక్కన పెట్టిన మిత్రులతో నేను ఏకీభవించను. సైనిక చరిత్ర అంటే ఇదే.

మొన్న తరగతిలో ఒక పిల్లవాడు ‘రజాకార్’ అంటే అర్థమేమిటని అడిగాడు. స్వచ్ఛంద సేవకుడు అన్నాను. “మరి దళంవాళ్ళూ అంతేగా మాస్టారూ?” అన్నాడు. ఒకడు దొర గడీకి కాపలాగా వచ్చాడు, ఇంకొకడు దొర లాక్కున్న భూమిని తిరిగి దున్నడానికి వచ్చాడు అని చెప్పాను. అయినా ఆ పదివేలమందిలో వడిసెల పట్టిన ఒక పాలేరు, తానెందుకు వచ్చాడో తన మాటల్లోనే చెప్పుకున్న పేజీ ఒక్కటి వాడికి చూపించాలని ఆ రాత్రి రెండు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. ఇంకా వెతుకుతూనే ఉన్నాను.