చెవి, బల్బు, ఆ తరవాతే స్పానరు

దసరా వెళ్లి వరి ఈనే రోజుల్లో గోదావరి జిల్లాల రోడ్ల మీద చీకటి పడ్డాక బండి నడపడం కష్టం. పచ్చదోమ లైట్ల మీదికి ముసురుకుంటుంది. అద్దానికి కొట్టుకుని చితికిపోతుంది. వైపరు వేస్తే ఆ జిడ్డు అద్దమంతా పరుచుకుంటుంది, ఎదురుగా వచ్చే లారీ లైటు అందులో పడి దారే కనపడదు. తరవాత కోతలొస్తాయి. గడ్డి ట్రాక్టర్లు, రోడ్డు వారన ఆరబోసిన ధాన్యం, ఎగిరే పొల్లు. కత్తిపూడి నుంచి యానాం, అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారిలో అయితే ముందుపోయే రొయ్యల బండి కార్చే ఉప్పునీరు కూడా తోడవుతుంది. పొడి అద్దం మీద వైపరు ఆడితే ఇసుక రేణువులు రబ్బరు కింద నలిగి గాజు మీద గీతలు పడతాయి. ఆ గీతలు ఇక పోవు. ఇన్నిటికీ మందు బానెట్ కింద అరచేతిలో పట్టే వాషర్ మోటారు.

అది చెడిపోయిందని కడియం నర్సరీల మొక్కలు మోసే పాత బొలేరో పికప్ అయినా, రావులపాలెం అరటి మార్కెట్టుకి గెలలు తెచ్చే టాటా 407 అయినా షెడ్డు ముందు ఆగగానే డ్రైవరు నోట వచ్చే మాట ఒక్కటే: "మోటారు పోయింది, మార్చెయ్యండి మేస్త్రిగారూ." మంచి మేస్త్రి వెంటనే మార్చడు. "వైపర్లు ఆడుతున్నాయా?" అని అడుగుతాడు. ఈ ప్రశ్నకి చాలా విలువుంది. చాలా పాత బండ్లలో వైపరుకీ వాషరుకీ ఫ్యూజు ఒక్కటే. వైపరు ఆడుతోందంటే ఫ్యూజు బాగున్నట్టే, ఫ్యూజు పెట్టె మూత తియ్యనక్కర్లేదు. స్పానరు ముట్టుకోకుండానే సగం వెతుకులాట తగ్గిపోయింది.

తరవాత ఇంజను ఆపించి, తాళం మాత్రం తిప్పించి, "ఇప్పుడు నొక్కండి" అంటాడు. వాషర్ నీళ్ల ట్యాంకు దగ్గర చెవి పెడతాడు. మోటారు గుర్రుమంటే కరెంటు వస్తోంది, లోపం నీళ్ల దారిలో ఉంది. చప్పుడే లేకపోతే కరెంటు దారి చూడాలి. సన్నగా, ఎగశ్వాసలా మూలిగితే కరెంటు చాలడం లేదు, లేకపోతే మట్టి చేరి పంపు లోపలి పంకా బిగుసుకుంది. పక్కన జనరేటరు మోగుతున్నా, లారీలు హారను కొడుతున్నా ఆ మూడింటినీ విడదీసి వినగలగడం ఏళ్లపాటు చెవికి పట్టిన విద్య. దీన్ని చదువుగా లెక్కెయ్యకపోవడం మన తప్పే.

కరెంటు దారి వెతకడానికి మేస్త్రి చేతిలో ఉండేది టెస్టు బల్బు: ఇండికేటరులో వేసే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు, ఒక కొసకి క్లిప్పు, రెండో కొసకి సూది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు దీన్ని చూసి మీటరు లేదా అంటారు. ఈ పనికి మీటరు కన్నా బల్బే మేలు. వైరులో పోగులన్నీ చిలుము పట్టి తెగిపోయి ఒకే పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది లాగే కరెంటు దాదాపు ఏమీ లేదు. బల్బు ఒకటిముప్పావు ఆంపియర్లు లాగుతుంది. ఆ బరువు మొయ్యలేని వైరు అక్కడే బయటపడుతుంది, బల్బు మినుకుమంటుంది. మోటారు పడే బాధ బల్బు కంటికి చూపిస్తుంది.

మోటారు కప్లర్ ఊడదీసి, క్లిప్పు బాడీకి తగిలించి, స్విచ్చి నొక్కించి, సూది ప్లస్ పిన్నుకి ఆనిస్తారు. బల్బు వెలిగితే స్విచ్చి నుంచి ఇక్కడి దాకా ప్లస్ బాగుంది. ఇక్కడితో ఆగకూడదు. ఇప్పుడు బల్బుని కప్లర్‌లోని రెండు పిన్నుల మధ్య పెట్టాలి. బాడీతో వెలిగి, ఇక్కడ వెలగకపోతే పోయింది ఎర్తు. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్ల బండ్లలో ఎర్తు బోల్టు కింద తుప్పు మామూలే. బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, కాస్త గ్రీజు పూస్తే మోటారు తిరుగుతుంది. పంపు మార్చే పనే ఉండదు. రెండు చోట్లా నిండుగా వెలిగి మోటారు మాత్రం పలక్కపోతే, బ్యాటరీ నుంచి నేరుగా ఒక్క క్షణం కరెంటిచ్చి చూస్తారు. అప్పుడూ కదలకపోతేనే మోటారు చచ్చినట్టు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 బండ్లలో మాత్రం కంప్యూటరు వైర్ల జోలికి ఈ బల్బుతో పోకూడదు. అది బరువు లాగే వస్తువు, ఆ సున్నితపు సర్క్యూట్లు కాలిపోతాయి. ఈ పద్ధతి పాత బండ్లది.

చప్పుడు వచ్చి నీళ్లు రాకపోతే పని సులువు. పంపు మూతి దగ్గర ట్యూబు ఊడదీసి నొక్కాలి. అక్కడ నీరు చిమ్మితే పంపు మంచిదే, లోపం ఆ పైన ఉంది. ధాన్యం మోసే బండ్లలో ఎలుకలు ట్యూబులు కొరికేస్తాయి. కొన్నిసార్లు ట్యూబులే మడతపడి నలిగిపోతాయి. బానెట్ మీది స్ప్రే రంధ్రం సున్నం గట్టి పూడిపోతే పాత క్లచ్ కేబులు నుంచి ఒక్క పోగు లాగి దాంతో పొడుస్తారు. గుండుసూది దూరిస్తే రంధ్రం పెద్దదై ధార చచ్చిపోతుంది.

ఇక నిజంగా మార్చాల్సి వస్తే. ట్యాంకు పక్కన రబ్బరు బుష్‌లో పంపు బిగువుగా కూర్చుని ఉంటుంది. కింద బకెట్టు పెట్టుకుని, అటూ ఇటూ ఊపుతూ లాగితే వస్తుంది, వెనకే నీళ్లూ వస్తాయి. ట్యాంకు అడుగున చేరిన నాచు, బురద అప్పుడే కడిగెయ్యాలి. ఆ బురదతోనే కొత్త పంపు పెడితే దానికీ అదే గతి. ఎండకి బీటలిచ్చిన బుష్ కొత్తది వెయ్యాలి, సబ్బునీళ్లతో తడిపి నొక్కాలి. కొనేటప్పుడు 12 వోల్టులదో 24దో అడిగి తీసుకోవాలి. పెద్ద లారీ పంపు పికప్‌కి వేస్తే ఈడ్చుకుంటూ తిరుగుతుంది, పికప్ పంపు లారీకి వేస్తే మాడిపోతుంది. కప్లర్ కలవక వైర్లు ముడేసేటప్పుడు ప్లస్సూ మైనస్సూ తారుమారైతే పంకా వెనక్కి తిరుగుతుంది. అప్పుడు చప్పుడు బాగానే ఉంటుంది, ధార మాత్రం అద్దానికి అందదు. కొత్త పంపు చెత్తదని షాపువాడితో తగువు పెట్టుకునే ముందు వైర్లు మార్చి చూడటం న్యాయం.

ప్రపంచంలో ఈ వాషరు కన్నా వైపరే ముందు పుట్టింది. అమెరికాలో మేరీ ఆండర్సన్‌కి 1903లో దాని మీద పేటెంటు వచ్చింది. అద్దం మీదికి నీళ్లు పంపే ఉపాయాలు తరవాతివి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో స్టెప్నీ టైరులోని గాలితోనే నీళ్లు చిమ్మించిన కాలం ఉంది. మోటారు వచ్చాక ఆ తిప్పలు పోయాయి.

మన డెల్టాకి మరమ్మతు కొత్త కాదు. 1847లో కాటన్ ఆనకట్ట పని మొదలైన రోజుల నుంచీ ధవళేశ్వరంలో వర్క్‌షాపులున్నాయి, తరవాత రైసు మిల్లుల ఇంజన్లు వచ్చాయి, ఆపైన లారీలు. రాజమండ్రి, భీమవరం, తణుకు షెడ్లలో కుర్రాడు ముందు సామాను కడుగుతాడు, పది-పదకొండు స్పానరు ఏదో పన్నెండు-పదమూడు ఏదో చూడకుండా అందించడం నేర్చుకుంటాడు, ఆ తరవాతే బల్బు చేతికొస్తుంది. ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లు. ఈ వెతికే వరస అక్కడ ఒక పాఠంగా ఉండాలనీ, దాన్ని చెప్పడానికి షెడ్డు మేస్త్రినే పిలవాలనీ నా కోరిక.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఎర్తు రుద్ది బండి పంపిస్తే "సామానేమీ వెయ్యలేదు కదా, డబ్బులేంటి?" అనే మాట షెడ్లలో తరచూ వినపడుతుంది. కొన్ని వందల రూపాయల పంపు అనవసరంగా కొనకుండా కాపాడినవాడికి టీ డబ్బులిచ్చి పంపితే, రేపు అతనూ వెతకడం మానేసి పంపులే మారుస్తాడు. అరగంట వెతికినందుకు అరగంట కూలి ఇవ్వాలి.

పని అయ్యాక ధార అద్దానికి పైభాగాన పడేలా స్ప్రే తిప్పుకోవాలి, బండి వేగంలో గాలి దాన్ని కిందికి నొక్కేస్తుంది. ట్యాంకులో బోరు నీళ్లు పొయ్యొద్దు, తీరం వైపు బోర్లు ఉప్పు. కాలువ నీళ్లూ వద్దు, నాచు పడుతుంది. షాంపూ పొట్లాలు అసలే వద్దు. తాగడానికి కొనే టిన్ను నీళ్లు ఒక లీటరు చాలు. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు స్విచ్చి నొక్కి పట్టుకోకండి. పంపుని చల్లబరిచేది ఆ నీళ్లే, పొడిగా తిరిగితే త్వరగా కాలిపోతుంది. ఇదంతా దసరాకి ముందే, దోమ లేవకముందే చూసుకోండి.