వాద్యబృంద నాయకుడును, మూలనున్న వీణయు

జుబిన్ మెహతా ముంబయిలో కచేరీలు చేయనున్నాడన్న ప్రకటనలు ఇటీవలి కాలమున రెండు మాఱులు మమ్ముఁ బ్రత్యేకముగా నాకర్షించినవి. 2016లో, ఆయన కెనుబదియేండ్లు నిండు తరుణమున, ఇజ్రాయెల్ ఫిల్‌హార్మోనిక్ బృందముతో వచ్చెను. 2023లో ముంబయియందే 2006లో స్థాపితమైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాను నడపెను. ఆ సందర్భములలో మాకు లభించిన వ్రాతలయందు ఆయన బిరుదులు గలవు, పదవులు గలవు, 1936లో బొంబాయిలో పుట్టి 1954లో వియన్నాకుఁ బోయిన కథ గలదు. అయితే వేదికపై నిలుచుండి ఆయన చేయు పని యేమి, దానివలన మనకుఁ గలుగు లాభమేమి యను రెండు ప్రశ్నలకు సమాధానము లేదు. పేరును బూజించి పనిని విడిచిపెట్టుట విమర్శ కానేరదు.

ఆర్టీసీ క్రాసు రోడ్లకుఁ గూతవేటు దూరమున వసించు చిక్కడపల్లివారికి కండక్టరనఁగా బస్సులో టిక్కెట్టిచ్చువాఁడే. పాశ్చాత్యులు సంగీతమున కండక్టరని పిలుచువాఁడు ఒక్క స్వరమైనను బలుకఁడు, ఒక్క తీగనైనను మీటఁడు. ఎనుబది తొంబదిమంది పలికించు భిన్నస్వరము లొక్క యర్థముగా వినవచ్చునట్లు చూచుటయే ఆయన పని. అందు ముక్కాలు పాలు కచేరీకి ముందు, శ్రోతలు లేని గదిలో, సాధనవేళ జరిగిపోవును. సభలో మనము చూచు చేతికఱ్ఱ కదలిక ఆ శ్రమకు గుర్తు మాత్రమే.

మన సంగీతమున కిట్టివాఁ డక్కఱలేదని పెద్దలందురు. ఆ మాటలో సగము నిజము గలదు. మన తాళము గాయకుని తొడమీఁదనే యున్నది. త్యాగరాయ గానసభలో ముందువరుస శ్రోతలుకూడ వ్రేళ్లు మడచుచు లెక్కించుచునే యుందురు. ఇంతమంది లయపాలకులుండఁగా వేఱొకఁడేల? మఱియు మన రాగమునకుఁ బ్రాణము గమకము. తోడిలోని గాంధారమును ఇరువదిచేతు లొక్కతీరుగాఁ గదలింపఁబోయినచో అది తోడి కాక తోడి యొక్క దయ్యమగును. ఇంతవఱకు మాకును సమ్మతమే.

మిగిలిన సగమును గూర్చియే మా వివాదము. మన కచేరీయందు స్థానము లెన్ని? ప్రధాన గాయకుఁడు, వాయులీనము, మృదంగము, కలిగిన ఘటము. నలుగురికే చోటు. పాశ్చాత్య వాద్యబృందమున మొదటి వాయులీనములే పదునాఱువఱకుఁ గూర్చుండును. వారిలోఁ గడపటి వరుసవాఁడు మహావిద్వాంసుఁడు కానక్కఱలేదు. శ్రుతిశుద్ధియు, లయజ్ఞానమును, ప్రక్కవానిని వినెడి చెవియు నున్నఁ జాలును. నాయకుని విద్య యంతయు నట్టి నడితరము వారిని గొప్ప నాదములో భాగస్వాములఁ జేయుటకే యేర్పడినది.

నారాయణగూడ, అశోక్‌నగరు వీథులలో వర్ణమువఱకు నేర్చి నిలిపివేసిన సోదరీమణు లెందఱో కలరు. రామకోటి సంగీత కళాశాలలోఁ బరీక్ష లిచ్చి, పెండ్లియైన పిదప వీణకు గుడ్డ కప్పి మూలనుంచినవా రందుఁ గొందఱు. వారు సోమరులు గారు. ఒంటిగాఁ గచేరీ చేయఁగల పాండిత్యము లేదు. దాని నార్జించుటకు సంసారము తీఱిక నీయదు. అంతకుఁ దక్కువైన చోటు సంఘము సృష్టింపలేదు. కావున నేర్చినవారు కుర్చీలలోఁ గూర్చుండి వినువారైరి. పాశ్చాత్యులుమాత్రము స్త్రీలకు న్యాయము చేసిరని తలఁపవలదు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ బృందము 1997వఱకు స్త్రీని సభ్యురాలిగా నంగీకరింపలేదు. వారి విద్యను గైకొందము, వారి గర్వమును గాదు.

పుష్య బహుళ పంచమినాఁడు పంచరత్నములను అందఱము గలిసి పాడుదుముగదా యని యొకరు మమ్మడిగిరి. పాడుదుము. అయితే ముందుగాఁ గూడి సాధన చేయువా రెందఱు? ఎవరి పాఠాంతరము వారిది; మైకున కెవరు దగ్గఱనున్న వారిదే దారి. భక్తికి అది చాలును, సంగీతమునకుఁ జాలదు. మన పేటలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగపరీక్షలకుఁ జదువు పిల్లలు భుజము భుజము రాచుకొని కూర్చుండియు ఎవరి పుస్తకము వారే చదువుకొందురు. మన గోష్ఠిగానమును గాంచినపుడు మాకు వారే జ్ఞప్తికి వత్తురు.

తెలుగువారిలో బృందనాయకులు పుట్టకపోలేదు. ద్రాక్షారామమున 1922లో జనించిన వైణికుఁడు ఈమని శంకరశాస్త్రి ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందమునకు రచయితయు నాయకుఁడునై పనిచేసెను. 1952లో నేర్పడిన ఆ బృందమును రవిశంకరు, టి.కె. జయరామయ్యరు మొదట నడపిరి. పని గొప్పదే, కాని అది జీతగాండ్ర బృందము, రేడియోగదిలోని విద్య. శాస్త్రిగారు 1987లో గతించిరి. ఆయన వీణను స్మరించువారు కలరు గాని, ఆయన వాద్యబృంద రచనలను నేర్చి వాయించు పేటబృంద మొక్కటియు మా యెఱుకలో లేదు.

తోడి వలదనిన మఱి యేమి వాయింతు రని చదువరు లడుగవచ్చును. దారి దీక్షితులవారే చూపిరి. మద్రాసు ప్రాంతమున వినిన ఇంగ్లీషు బ్యాండు మెట్లకు ఆయన సంస్కృత సాహిత్యము గూర్చెను. నోటు స్వరములని వానికిఁ బేరు. శంకరాభరణ స్వరములలో, గమకభారము లేక, పిల్లలకు సయితము నోటఁబట్టునట్టివి. అట్టివాని మూఁడింటిని బట్టి, నాలుగు వీణలు, ఆఱు వాయులీనములు, రెండు వేణువులు, ఒక మృదంగము కూడిన బృందము చిక్కడపల్లిలో నేర్పడుట యసాధ్యము గాదు. నాయకత్వమునకుఁ బింఛను పుచ్చుకొన్న సంగీతోపాధ్యాయు లొకరు లేదా ఉపాధ్యాయిని యొకరు చాలుదురు. ఆదివారము మధ్యాహ్నము వంట ముగిసిన పిమ్మట రెండు గంటల సాధన. ఆ వేళఁ బిల్లలను జూచుకొను భారము ఇంటి పురుషులది. నాలుగు వీణల నొక్క శ్రుతికిఁ దెచ్చుటకే మొదటి యాదివారము గడచిపోవచ్చును.