దేహమునకు లొంగు వాద్యము

వీణకు 24 మెట్లు. వేణువునకు వరుసగా రంధ్రములు. ఈ యమరిక యంతయు వ్రేళ్లు చక్కగా ఆడు దేహమును ఉద్దేశించి ఏర్పడినది. మా పాఠశాలలో తెలుగు చదువుకొను ఒక బాలుడు మెడను మాత్రమే తన యిచ్ఛ చొప్పున కదల్పగలడు. ప్రార్థనాగీత సమయమున అతని చక్రాలకుర్చీని వరుస చివర నుంచుట వాడుక. అతడు వినువాడే కాని పాల్గొనువాడు కాడు. ఈ లోపము బాలునిదా, వాద్యముదా? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

అమెరికా దేశపు స్వరకర్త్రి పాలీన్ ఆలివెరోస్ (1932–2016) వాద్యమునే మార్చి దీనికి సమాధానమిచ్చెను. ఆమె సహచరులతో కలిసి 2007 ప్రాంతమున 'అడాప్టివ్ యూజ్ మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్' అను కంప్యూటరు సాధనమునకు రూపమిచ్చెను. కెమెరా యెదుట కూర్చున్న విద్యార్థి ముఖముపై, లేదా కదలగల మరియొక అవయవముపై, ఒక బిందువును గుర్తింతురు. ఆ బిందువు తెరపై నొక భాగము నుండి మరియొక భాగమునకు జరిగినప్పుడు ధ్వని పలుకును. సాధనము ఉచితము. ఇచట దేహము వాద్యమునకు లొంగనక్కరలేదు. వాద్యమే దేహమునకు లొంగును. ఇది గొప్ప గుణము.

అయినను రెండు లోపములను గమనింపవలెను. తెరపై స్వరములు విడివిడి మెట్లుగా నుండును; మన సంగీతమునకు గమకము ప్రాణము. మాయామాళవగౌళలోని సరళీవరుసల కీ అమరిక కొంతవరకు చాలును. తోడి గాంధారమునకు చాలదు. రెండవది మరింత ముఖ్యము. ఏ కదలికకైనను ఇంపైన ధ్వనియే వచ్చునట్లు అమర్చినచో తప్పునకు తావుండదు. తప్పునకు తావులేనిచోట సాధనకును తావులేదు. ఆలివెరోస్‌కు ఆశుకల్పనయు శ్రవణమును ప్రధానములు గనుక ఈ యాక్షేపణ ఆమెకు అంతగా తగులదు. సాధనమును పాఠశాలకు తెచ్చుకొనదలచిన మనకు తగులును.

ఇంగ్లండులో 2018లో ఆరంభమైన నేషనల్ ఓపెన్ యూత్ ఆర్కెస్ట్రాలో వికలాంగులును ఇతరులును కలిసి అభ్యసించి వాయింతురు. అందు వాడు క్లారియన్ అను డిజిటల్ వాద్యమును కంటిచూపుతో సైతము పలికింపవచ్చును. కలిసి వాయించునప్పుడు ముందువెనుకలు తెలియును. దయచే గాక కృషిచే ప్రశంస లభించును. బాలునికి కావలసిన గౌరవ మిదియే.

కావున మన పాఠశాలలలో ఈ క్రమము తగునని నా యభిప్రాయము. మొదట ఆధారషడ్జమును నిలుపుట. పిమ్మట ఆదితాళపు సమమున ఒక్క దెబ్బ పలికించుట. అది కుదిరిన పిదప స్వరములు. దెబ్బ ఆలస్యమైనచో ఉపాధ్యాయుడు సవరింపవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 29వ సెక్షనులో కళాభ్యాసక్రమములను వికలాంగులు పాల్గొనుటకు అనువుగా మార్చుట ప్రభుత్వముల కర్తవ్యములలో నొకటిగా చెప్పబడినది. ఈ మాట భాషాల్పసంఖ్యాకులమైన మనకు క్రొత్తది కాదు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము ప్రాథమికదశలో మన పిల్లలకు మాతృభాషలో బోధ కలుగజేయ యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. పిల్లల నాలుకకు తగిన పాఠశాల కావలెనని కోరిన మనము, పిల్లల దేహమునకు తగిన వాద్యము కావలెనని కోరుటకు వెనుదీయరాదు. ఆ బాలుని కుర్చీ వరుస చివర నుండి నడుమకు రావలెను.