విరాటపర్వమున సేవాధర్మము

13వ శతాబ్దమునఁ దిక్కన సోమయాజి రచించిన 15 పర్వములలో మొదటిది విరాటపర్వము. దానియందలి ధౌమ్యోపదేశము సేవాధర్మమునకుఁ బ్రమాణముగాఁ బ్రశంసింపఁబడుచున్నది. ప్రభువు అడుగక పలుకరాదు. ఎదుటను వెనుకను గాక ప్రక్కను నిలువవలెను. లోఁగిటి గుట్టు వెలిపుచ్చరాదు. రాజమందిరమునకు మించిన యిల్లు కట్టరాదు. ఇవి యెల్లఁ గొలువు చేయువాని కుపయుక్తములే. కాని యీ భాగమును మాత్రమే విడఁదీసి బాలురకు బోధించినచో, సేవాధర్మమనఁగా సేవకుఁడు నాలుకను అదుపున నుంచుకొనుటయే యను భావము కలుగును. పర్వమంతయుఁ జదివినవారి కట్లు తోఁపదు. ధౌమ్యుఁడు చెప్పినది ధర్మమున సగము. ప్రభువు చేయవలసిన రెండవ సగము ఉపదేశరూపమునఁ గాక కథారూపమున నున్నది.

కొలువునఁ జేరు ఘట్టమున విరాటుఁడు ప్రశంసార్హుఁడు. వచ్చినవారి నాదరించి, ఎవ్వరి కే విద్య కలదో తెలిసికొని, వలలుని వంటయింటను, దామగ్రంథిని గుఱ్ఱముల కడను, తంత్రీపాలుని గోవుల కడను, బృహన్నలను నాట్యశిక్షణమునందును నియోగించెను. సైరంధ్రియు, సుదేష్ణ కడఁ గొలువునకుఁ జేరుటకు ముందే, తాను ఎంగిలి ముట్టననియు నొరుల పాదములు కడుగననియు స్పష్టముగాఁ బలికెను. పని యేదో, దాని మేర యేదో ఉభయులకుఁ దెలిసియే కొలువు మొదలైనది.

ఆ మేరను ముందుగా దాఁటినది సేవకురాలు గాదు. కీచకుని యింటికిఁ దన్నుఁ బంపవలదని సైరంధ్రి వేఁడుకొన్నను సుదేష్ణ వినక, మద్యము తెమ్మని పంపెను. పిమ్మట నిండుకొలువునఁ గీచకుఁడామెను దన్నఁగా, విరాటుఁడు చూచియు శిక్షింపఁడయ్యెను. మఱఁదియు సేనాపతియు నగు వాని బలముపై రాజ్యము నిలిచి యుండుటయే హేతువు. సంస్కృతమూలమున నతఁడు, ఆ కలహము తన పరోక్షమున జరిగినదనియు, తత్త్వ మెఱుఁగక తానేమి చేయఁగలననియుఁ బలికి తప్పుకొనును. ఎఱుఁగకపోవుట దోషము గాదు. ఎఱుఁగఁ గోరకపోవుట దోషము. విన్నపమునకుఁ జోటు దొరకని సైరంధ్రి యా రాత్రి భీముని కడకుఁ బోయెను. సభలో వినఁబడని మొఱ నర్తనశాలలోఁ గీచకవధయై ముగిసెను.

పాచికల ఘట్ట మింకను నిశితమైనది. కుమారుఁడు కౌరవులను గెల్చెనని విరాటుఁడు పొంగుచుండఁగా, బృహన్నల సారథియైనచో జయము నిశ్చయమే యని కంకుఁడు పలికెను. ప్రభువునకుఁ బ్రతికూలముగాఁ బలుకరాదను నియమమును అందఱికంటె బాగుగా నెఱిఁగిన ధర్మరాజే యిట దానిని మీఱెను. ఫలము, ముఖముపైఁ బాచికదెబ్బ. నెత్తురు నేల రాలకుండ సైరంధ్రి పాత్రలోఁ బట్టెను. రాలినచో రాజునకును రాజ్యమునకును జేటని కథ చెప్పుచున్నది. పురాణవిశ్వాసముగాఁ గనఁబడు నీ మాటలో లోకానుభవ మున్నది. నిజము పలికినవానిని దండించు కొలువు తన చేటును దానే తెచ్చుకొనును.

ఐనను విరాటుఁడు దుష్టుఁడు గాఁడు, దుర్బలుఁడు. ఉత్తరుఁడు వచ్చి తప్పు చూపఁగా, అతఁడు కంకుని క్షమింపుమని వేఁడుకొనెను. కంకుఁడే ధర్మరాజని విరాటున కప్పటికిఁ దెలియదు. కావున నా వేఁడికోలు చక్రవర్తికిఁ గాదు, కొలువుకానికే. అచ్చటఁ గాని సేవాధర్మము పూర్ణము గాదు. ధౌమ్యోపదేశమును బాలురచేఁ జదివించు గురువులు విరాటుని యా వేఁడికోలును గూడఁ జదివింపవలెను.