క్యాసెట్ మీద లేని పేరు

భివండీలో మా మరమగ్గాల షెడ్డు పూర్ణ వైపు ఉండేది. సాంచాలన్నీ ఒక్కసారి నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాటను కూడా పెదవుల కదలిక చూసి పోల్చుకోవాల్సిందే. అయినా బాపు కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టుకునేవాడు. పద్మనగర్‌లో కొన్న ఎస్. జానకి హిట్స్ క్యాసెట్ రాత్రి పాళీలో తిరుగుతూ ఉండేది. జానకి గొంతు సాంచాల మోతలో మునిగిపోయేది. తబలా, వయొలిన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క పాటలో మాత్రం ఏదో ఆ మోతను చీల్చుకుని పైకి లేచేది. కండె మారుస్తున్న చెయ్యి ఆపకుండానే బాపు అనేవాడు: "ఇగో, ఇప్పుడు సన్నాయి ఇను."

ఆ పాట 'నీ లీల పాడెద దేవా'. ఎస్.ఎం. సుబ్బయ్య నాయుడు సంగీతంతో 1962లో వచ్చిన తమిళ సినిమా 'కొంజుం సలంగై', తెలుగులో 'మురిపించే మువ్వలు' అయింది. క్యాసెట్ అట్ట మీద సినిమా పేరుంది, జానకి పేరుంది. సన్నాయి వాయించినవారి పేరు లేదు. ఆయన కారుకురిచ్చి అరుణాచలం అని నాకు తెలిసేసరికి బాపు సాంచా పని మానేశాడు.

అరుణాచలం 1921లో పుట్టారు. తిరునెల్వేలి ప్రాంతంలోని ఊరి పేరే ఆయన ఇంటిపేరులా నిలిచిపోయింది. నాదస్వర చక్రవర్తి అనిపించుకున్న టి.ఎన్. రాజరత్నం పిళ్ళై ఆయన గురువు. ఆ పాట వచ్చిన రెండేళ్ళకే, 1964లో, అరుణాచలం పోయారు. నలభై మూడేళ్ళైనా నిండలేదు.

సాంచాల మోతలో ఆ వాద్యం ఎట్లా నిలబడిందో తర్వాత అర్థమైంది. నాదస్వరం నాలుగు గోడల మధ్య వాయించడానికి పుట్టింది కాదు. గుడి వీధుల్లో, ఉత్సవ విగ్రహం ముందు, జనం కేకల మధ్య వినబడాలి. రెండడుగులు దాటిన చెక్క గొట్టం పైన సన్నగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుంది, చివర గంటలా విచ్చుకుంటుంది. మన చెవి చురుగ్గా పట్టుకునే పైస్థాయి నాదాలు అందులోంచి దండిగా వస్తాయి. చెక్కకు ఆచ్చా మాను కావాలి, అదీ బాగా ఎండింది. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాలు మరీ మంచివంటారు. తంజావూరు సీమలోని నరసింగంపేట ఈ పనికి పేరుపొందిన ఊరు. అక్కడి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

అయితే ప్రాణమంతా పైన నోట్లో పెట్టుకునే సీవాళిలో ఉంది. కావేరి ఒడ్డున పెరిగే ఒక జాతి రెల్లును ఎండబెట్టి, నొక్కి, కోసి చేసే చిన్న జంట నాలుక అది. ఉమ్మితో తడిసి మెత్తబడితేనే పలుకుతుంది. ఎక్కువ తడిస్తే మొరాయిస్తుంది. అందుకే వాద్యానికి ఒక తాడు కట్టి, దానికి నాలుగైదు సీవాళీలూ వాటిని సవరించే సూదీ వేలాడదీసుకుంటారు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో అవి అలంకారమనుకున్నాను.

వేళ్ళాడే రంధ్రాలు ఏడే. కింద మరికొన్ని ఉన్నా అవి వాయించడానికి కావు, మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకోవడానికి. ఏడు రంధ్రాలతో రాగంలోని గమకమంతా ఎట్లా పలుకుతుంది? వేలు కొంత ఎత్తీ ఎత్తకుండా, పెదవి బిగించి సడలించి, అన్నిటికంటే ముఖ్యంగా ఊపిరి బలాన్ని వెంట్రుకవాసి మార్చి. అదే రంధ్రం దగ్గర గట్టిగా ఊదితే స్వరం పైకి జరుగుతుంది. నాలుకతో కొట్టి స్వరాలను విడివిడిగా పలికించడాన్ని తుత్తుకారం అంటారు. నాలుక తగలకుండా ఒకే ఊపిరి మీద జారనివ్వడం అకారం. తుత్తుకారం సాధనతో వస్తుంది. అకారం అబ్బాలంటే పాట లోపల ఉండాలి.

ఆ సినిమా పాటలో నన్ను ఇప్పటికీ ఆపేసేది ఆ అకారమే. ఆభేరి రాగం. జానకి ఒక వరస పాడితే సన్నాయి అందుకుంటుంది, మళ్ళీ ఆమె. వీధి చివరిదాకా వినబడాల్సిన వాద్యాన్ని అరుణాచలం మైకు ముందు ఒక ఆడగొంతు పక్కన నిలబెట్టారు. ఆ గొంతును ఎక్కడా తొక్కెయ్యలేదు. బలాన్ని అణచుకున్నట్టు కూడా తెలియదు. నా దృష్టిలో అది గట్టిగా వాయించడం కంటే ఎన్నో రెట్లు కష్టం.

కానీ అది కొన్ని నిమిషాల పాట. హిట్స్ క్యాసెట్టు తలుపు తీస్తుంది గానీ ఇంట్లోకి తీసుకుపోదు. రికార్డుల్లో చోటు ఎప్పుడూ ఇరుకే. అమెరికాలో జాజ్ వాద్యకారుడు లీ మోర్గన్ ట్రంపెట్ రచన 'ది సైడ్‌వైండర్' 1964లో విడుదలైంది. అది పది నిమిషాలు దాటుతుంది. చిన్న రికార్డు కోసం దాన్ని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. పది నిమిషాలకే అట్లా ఉంటే, రాత్రి ఊరేగింపులో గంటసేపు తోడి రాగం ఒక్కటే ఆలపించే సంప్రదాయాన్ని ఏ క్యాసెట్టు ఇముడ్చుకుంటుంది? రాజరత్నం పిళ్ళై పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ తోడే. మాటల్లేవు, కీర్తన లేదు. దేవుడు బయల్దేరేటప్పుడు వాయించే మల్లారికి కూడా సాహిత్యం ఉండదు. ఊపిరీ డోలూ చాలు. అమెరికా సాక్సాఫోన్ విద్వాంసుడు చార్లీ మారియానో కూడా నాదస్వరం నేర్చుకుని వాయించాడు.

మనం మాత్రం దాన్ని గట్టిమేళానికి వాడుకున్నాం. తాళి కట్టే వేళ తుమ్ములూ అపశకునపు మాటలూ వినబడకుండా వాయించమన్నాం. వినబడకుండా చేయడానికి పిలిచినవాళ్ళను ఇక ఎవరు వింటారు? ఈ మాట నన్ను బాధిస్తుంది, ఎందుకంటే ఈ వాద్యంలో మహావిద్వాంసుడొకరు మన ఊళ్ళలోంచే వెళ్ళారు. షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టారు. తరతరాల సన్నాయి ఇల్లు. తండ్రి దగ్గర, తర్వాత చిలకలూరిపేటలో ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. పేరొచ్చాక కూడా తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు పిళ్ళైల దగ్గర మళ్ళీ శిష్యుడయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సేవగా వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. మరుసటేడు కన్నుమూశారు. ఆయన శిష్యదంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

పూర్ణలో ఇప్పుడు ఎటు చూసినా గోడౌన్లే. మధ్యాహ్నం బండ్లు రాని వేళ ఫోనులో చినమౌలానా రాగం పెట్టుకుంటాను. బాపు పక్కన ఉంటే ఇంకా మంచిది. సాంచాల మధ్య బతికిన చెవులు, మాటలు సరిగా వినబడవు. సన్నాయి వినబడుతుంది. రాగం తారస్థాయికి ఎక్కి అక్కడే నిలిచినప్పుడు బాపు చెయ్యి గాల్లో ఆగిపోతుంది. స్వరం కిందికి దిగేదాకా దించడు.